పొయ్యి ముట్టించని హోటల్

సిద్ధరామదుర్గంలో ఓబులమ్మ చేతి ఉగ్గాని తినని మనిషి కనబడితే, వాడు నిన్ననే ఆ ఊళ్లో దిగినవాడైనా అయి ఉండాలి, ఇంకా పళ్లు మొలవనివాడైనా అయి ఉండాలి. అయితే తిన్నవాళ్లలో చాలామందికి ఆ చెయ్యి ఎవరిదో తెలియదు. పాత బస్టాండు ముందర రామచంద్ర శెట్టి హోటల్ అని ఒకటి ఉండేది. ముందర గల్లాపెట్టె దగ్గర శెట్టి కూర్చునేవాడు. వెనక రేకుల షెడ్డులో ఓబులమ్మ నానిన బొరుగుల్ని పిండి తిరగమోతలో వేసేది, పక్క పొయ్యి మీద మిరపకాయ బజ్జీలు కాల్చేది. తిన్నవాళ్లు మూతి తుడుచుకుంటూ "శెట్టి ఉగ్గాని శెట్టి ఉగ్గానే" అని పొగిడి పోయేవారు. ఆ పొగడ్త రేకుల షెడ్డు దాకా వినబడేది.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ హోటల్ పోయింది. శెట్టి పరిహారం తీసుకుని బళ్లారి పోయి బట్టల అంగడి పెట్టుకున్నాడు. ఓబులమ్మకు పాత బాణలి ఒకటి ఇచ్చి, ఒక దండం పెట్టి పోయాడు. ఆమె మొగుడు నాగప్ప మార్కెట్ యార్డులో మూటలు మోసి మోసి నడుం పడిపోయి అప్పటికే ఇంట్లో కూర్చుని ఉన్నాడు. ఇల్లు గడవాలంటే ఎక్కడో ఒకచోట ఆమె పొయ్యి మండాలి. హైవే మీద కొత్తగా లేచిన దాబావాళ్లు వంటకు రమ్మని కబురు పెట్టారు. నాగప్ప పొమ్మన్నాడు. ఓబులమ్మ ససేమిరా అంది.

"ఇన్నేండ్లు ఇంగొకరి బోర్డు కింద వండినా," అంది. "చచ్చేలోపల నా పేరు రాసిన బోర్డు కింద మనిషి కూచోని తినేది చూడాల. ఒక్కడైనా సరే."

ఆ మాట మీదనే కొత్త బస్టాండు ఎదురుగా ఒక గది బాడుగకు తీసుకుంది. సున్నం కొట్టించింది, బల్లలు వేయించింది, శెట్టి బాణలికి చింతపండు పెట్టి తోమితోమి కొత్తదాన్ని చేసింది. బోర్డు రాసే అతను పచ్చ అక్షరాలతో 'ఓబులమ్మ హోటల్ – ఉగ్గాని, బజ్జీలకు ప్రసిద్ధి' అని రాశాడు. ఇంకా పొయ్యే ముట్టించలేదు, అప్పుడే ప్రసిద్ధి ఏందని ఆమె అడిగితే, ఆ మాట తాను అందరికీ రాస్తానని, దానికి వేరే చార్జీ లేదని చెప్పాడు. అంతా సిద్ధమయ్యాక పక్కనున్న జిరాక్స్ అంగడివాడు వచ్చి చూసి, అన్నీ బాగున్నాయి గానీ లైసెన్స్ లేకుండా పొయ్యి ముట్టిస్తే తాళం వేసిపోతారని మంచి మాట ఒకటి చెప్పిపోయాడు. ఓబులమ్మ సులభ వ్యాపార కేంద్రానికి బయలుదేరింది.

ఆ కేంద్రం గురించి ఒక మాట చెప్పాలి. మునుపు ఎవరైనా చిన్న వ్యాపారం పెట్టుకోవాలంటే అగ్నిమాపకం, ఆహార భద్రత, తూనికలు, పన్నులు, ఇట్లా ఆఫీసులన్నీ తిరగాల్సి వచ్చేది. జనానికి ఆ తిప్పట తప్పించాలని పైవాళ్లు దయతలచి సులభ వ్యాపార కేంద్రం పెట్టారు. ఇప్పుడు ఆ ఆఫీసులన్నీ తిరిగి, చివరికి ఇక్కడికి కూడా రావాలి.

కేంద్రానికి అధిపతి సహాయ సంచాలకులు దండపాణి గారు. ఆయన లంచం ముట్టడు. ముట్టేవాడైతే ఓబులమ్మ పని ఆ వారమే అయిపోయేది. పాపం ఆమె అదృష్టం బాగాలేదు, నిజాయితీపరుడి చేతిలో పడింది. ఆయన ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, నిబంధనలు విడమరిచి చెప్పాడు. లైసెన్స్ ఇవ్వాలంటే వ్యాపారం నడుస్తుండగా తనిఖీ చేయాలి. లైసెన్స్ లేకుండా వ్యాపారం నడపకూడదు. ఓబులమ్మ కొంతసేపు ఆలోచించి, మరి ఇంతకాలం ఊళ్లో అందరూ అంగళ్లు ఎట్లా పెట్టుకున్నారని అడిగింది. ముందు దొంగతనంగా నడిపి, పట్టుబడి, జరిమానా కట్టి, ఆ రసీదు చూపించి లైసెన్స్ తీసుకునేవారని దండపాణి గారు బాధగా చెప్పాడు. ప్రతి వ్యాపారీ నేరంతో మొదలుపెట్టాల్సి రావడం ఆయన మనసును ఏళ్లుగా కలచివేసింది. ఊటీలో జరిగిన ఒక శిక్షణ శిబిరంలో మధ్యాహ్న భోజనం తర్వాత ఆయనకు దారి దొరికింది.

"దీన్ని నిర్వస్తుక ప్రాథమిక నిర్వహణ అంటారమ్మా," అన్నాడు. "వ్యాపారం జరుగుతుంది. వస్తువు ఉండదు. వస్తువు లేదు కనుక నిబంధన ఉల్లంఘన జరగదు. వ్యాపారం జరిగింది కనుక తనిఖీ జరుగుతుంది. రాష్ట్రంలో ఇదే ప్రథమం."

ఓబులమ్మకు అర్థం కాలేదు. పక్కన నిలబడిన క్షేత్ర సహాయకుడు జిలానీ ఆమె ఊరివాడే. గొంతు తగ్గించి, "ఏం లేదక్కా, వండకుండా వడ్డించాల. మేమొచ్చి తినకుండా తినిపోతాం," అని తెలుగులో చెప్పాడు.

వేలు విడిచిన మేనత్త ఇంట్లో చిన్నప్పుడు ఓబులమ్మ ఇసుకతో అన్నం, ఆకులతో కూర వండి పిల్లలందరికీ పెట్టిన మాట నిజమే. ఈ వయసులో సర్కారువాళ్లకు అదే పెట్టాల్సి వస్తుందని అనుకోలేదు. కానీ లైసెన్స్ కావాలి. సరేనంది.

ముందుగా శాఖలవాళ్లు వచ్చారు. అగ్నిమాపక అధికారి ముట్టించని పొయ్యి చుట్టూ తిరిగి, లోపల చెయ్యి పెట్టి చూసి, ఇంత భద్రమైన వంటగది తన సర్వీసులో చూడలేదని రాశాడు. తూనికలవాళ్లు ఖాళీ తక్కెడ ఎత్తి, రెండు పక్కలా సమానంగా ఉందని ముద్ర వేశారు. ఆహార భద్రతవాళ్లు ఖాళీ గిన్నెలోంచి నమూనా తీసి, సీసాలోకి వంచి, బిరడా బిగించి లక్కతో సీలు వేశారు. ఆ సీసా కర్నూలు పోయి, పరీక్ష చేయించుకుని, కల్తీ ఏమీ లేదని రిపోర్టుతో తిరిగి వచ్చింది. పన్నులవాళ్లు మాత్రం కాస్త కఠినంగా ఉన్నారు. అమ్మకం సున్నా కాబట్టి పన్ను కూడా సున్నాయే, కానీ ఆ సున్నాను గడువులోపల తెలియజేయకపోతే ఆలస్య రుసుము సున్నా కాదని హెచ్చరించి పోయారు.

ఇక తినేవాళ్లు కావాలి. దండపాణి గారు తన ఆఫీసులో పని తక్కువగా ఉన్నవాళ్లను ఏరి, వినియోగదారులుగా డెప్యుటేషన్ వేయాలనుకున్నాడు. ఏరడం కష్టమైంది, అందరికీ పని తక్కువగానే ఉండింది. చివరికి సీనియారిటీని బట్టి వేశాడు. వాళ్లకు ఆఫీసు నుంచి హోటల్ దాకా ప్రయాణ భత్యం మంజూరైంది. మధ్యలో ఉండేది ఒక్క రోడ్డు.

మొదటిరోజు ఓబులమ్మ తలస్నానం చేసి, గడపకు పసుపు పూసి, కొత్త చీర కట్టుకుని నిలబడింది. ఎంత ఉత్తదైనా తన పేరున్న బోర్డు. జిలానీ మొదటి వినియోగదారుడు. ఆమె ఖాళీ పళ్లెం పెట్టింది. అతను గాల్లో ముద్దలు కలిపి, గాల్లో బజ్జి కొరికి, కారమైనట్టు ఉస్సుమని, నిజం నీళ్లు తాగాడు. లేచి వచ్చి, వట్టి గుప్పిలి ఆమె చేతిలో విప్పి, డబ్బులు తీసుకోమన్నాడు. ఓబులమ్మ చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఉత్త చేత్తో బోణీ ఏందప్పా?" అంది. "ఏమన్నా చేయండి గానీ బోణీతో ఆటలొద్దు. ఇంగ ఈ అంగడి నిలబడతాదా?"

జిలానీ నాయన గాజుల అంగడి నడిపినవాడు. తొలి బేరం చెయ్యి మంచిది కాకపోతే ఆ రోజంతా ఈగలు తోలుకోవలసిందేనని ఉగ్గుపాలతో తాగి పెరిగిన మనిషి. తాను డెప్యుటేషన్ మీద ఉన్న సంగతి మరిచి, జేబులోంచి ఒక రూపాయి బిళ్ల తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కళ్లకద్దుకుని అహోబిలం నరసింహస్వామి పటం ముందర పెట్టింది. ఇద్దరికీ తృప్తిగా అనిపించింది.

మర్నాడే రెండు నోటీసులు వచ్చాయి. లైసెన్స్ లేకుండా నిజమైన డబ్బు తీసుకుని వ్యాపారం చేసినందుకు ఒకటి. డబ్బు తీసుకుని వినియోగదారుడికి ఏమీ ఇవ్వకుండా మోసం చేసినందుకు ఇంకొకటి. ఏమన్నా పెట్టానంటే మొదటి నేరం, ఏమీ పెట్టలేదంటే రెండో నేరం. రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోమని, బలవంతం ఏమీ లేదని దండపాణి గారు మర్యాదగా చెప్పాడు. ఓబులమ్మ బోణీ అంటే ఏమిటో ఆయనకు వివరించబోయింది. ఆయన ఆ మాట మార్గదర్శకాల్లో వెతికాడు, దొరకలేదు. ఎంతో మథనపడిన మీదట, నిర్వస్తుక నిర్వహణ కాలంలో సదరు నాణెమును నాణెముగా పరిగణించరాదని ఉత్తర్వు ఇచ్చి ఇద్దరినీ గట్టెక్కించాడు. అయితే నాణెం కాని నాణెం ప్రభుత్వోద్యోగి జేబులోకి ఎట్లా వచ్చిందో మాత్రం జిలానీ రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది.

ఆ తర్వాత వ్యాపారం ఒడుదొడుకులు లేకుండా సాగింది. రోజూ పొద్దున డెప్యుటేషన్‌వాళ్లు వచ్చేవారు, తినకుండా తినేవారు, చేతులు కడుక్కునేవారు. నాగప్ప మూలన కుర్చీ వేసుకుని సర్వరుగా నటించేవాడు. నడుం నొప్పి ఉన్న మనిషికి మోయడానికి అంతకంటే తేలికైన పళ్లేలు దొరకవు. వాళ్లందరిలో పురుషోత్తం అనే సీనియర్ అసిస్టెంట్ పని రాక్షసుడు. ఏది చేసినా నిష్ఠగా చేస్తాడు. లేని బజ్జీని ఊదుకుంటూ తినేవాడు, మిరపకాయ గింజ తగిలినప్పుడు నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. ఫిర్యాదుల విభాగం కూడా పనిచేస్తున్నదీ లేనిదీ చూడాలని పథకంలో ఉంది కాబట్టి ఒకరోజు ఆయనే పూనుకుని, తనకు ఆరిపోయిన బజ్జి పెట్టారని ఫిర్యాదు చేశాడు.

దండపాణి గారు హోటల్‌లోనే విచారణ పెట్టాడు. వినియోగదారుని మనోభావాలు దెబ్బతిన్న విషయం మీద సంజాయిషీ ఏమిటని అడిగాడు. ఓబులమ్మ మొదట నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. పురుషోత్తం లేచి, బజ్జి చల్లగా, సాగుతూ, నిన్నటిదిలాగా ఉందని వివరించసాగాడు. నిన్నటిది అన్న మాట దగ్గర ఆమె కొంగు కిందికి జారింది, మొహం ఎర్రబడింది.

"సార్, ఈ చేత్తో ఇంతవరకు నిన్నటి బజ్జి ఎవురికీ పెట్టలేదు," అంది. "నిజంలో పెట్టనిదాన్ని ఉత్తదాంట్లో ఎందుకు పెడతా? బాణలి నుంచి తీసి నేరుగా పళ్లెంలోకే ఏసినా. ఈ సారే ఫోన్లో మాట్లాడుకుంటా కూచున్నాడు. ఆరిపోక ఏమవుతాది?"

పురుషోత్తం న్యాయమైన మనిషి. జ్ఞాపకం చేసుకుని, ఆ సమయంలో తాను ఫోన్లో ఉన్న మాట వాస్తవమేనని ఒప్పుకున్నాడు. ఫిర్యాదు కొట్టివేశారు. ఓబులమ్మ గెలిచిన మొహంతో ఇంటికి వచ్చింది. నాగప్ప మంచం మీద నడుం వాల్చి, బజ్జి నిజంగా వేడిగానే ఉండిందా అని నిదానంగా అడిగాడు. ఆమె ఉండిందని చెప్పబోయి నోరు మూసుకుంది. ఆ ప్రశ్నకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు గానీ భయం మాత్రం వేసింది. ఇంకొన్నాళ్లు ఇట్లే ఉంటే గాలినే తిరగమోత పెడుతూ ముసలిదాన్నయిపోతానని అనిపించింది. ఎంత తొందరగా లైసెన్స్ వస్తే అంత మంచిదని స్వామికి మొక్కుకుంది.

లైసెన్స్ వచ్చింది. ఉత్తగా రాలేదు, శాలువాతో వచ్చింది. పొగ లేనిది, చెత్త లేనిది, ఈగ వాలనిది, వచ్చిన ఒక్క ఫిర్యాదునూ సామరస్యంగా పరిష్కరించుకున్నది, ఇట్లాంటి ఫలహారశాల జిల్లాలో మరొకటి లేదని తేలింది. పెద్ద సభ పెట్టి, ఓబులమ్మ హోటల్‌ను ఆదర్శ హోటల్‌గా ప్రకటించి, జిల్లా నుంచి వచ్చిన పెద్ద అధికారి చేతుల మీదుగా ఆమెకు లైసెన్స్ ఇప్పించారు. ఆయన ప్రసంగంలో ఇక్కడి శుచిని, రుచిని ఎంతో మెచ్చుకున్నాడు. రుచి అన్నప్పుడు పురుషోత్తం అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఓబులమ్మ శాలువా తీయకుండానే హోటల్‌కు పోయి బొరుగుల బస్తా విప్పబోయింది. జిలానీ పరుగెత్తుకుంటూ వచ్చి, పొయ్యి ముట్టించవద్దని ఆపాడు. లైసెన్స్ కింద చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది. సదరు సంస్థ తనిఖీ నాటి స్థితిలో కొనసాగుటకు మాత్రమే అనుమతించడమైనది అని. తనిఖీ నాడు ఉన్న స్థితి ఏమిటో అందరికీ తెలుసు.

ఆమె ఆ కాగితం పట్టుకుని, ఆ శాలువాతోనే దండపాణి గారి దగ్గరికి పోయింది. ఆయన మొదట ఆమె ఏం అడుగుతున్నదో గ్రహించలేదు. గ్రహించాక ఆయన మొహంలో కన్నబిడ్డ మాట వినకపోతే తండ్రి పడే బాధ కనబడింది.

"అమ్మా, జిల్లా అంతా మీ హోటల్‌ను చూసి నేర్చుకుంటోంది," అన్నాడు. "ఈ దశలో మీరు వంట మొదలుపెడితే ఏమవుతుందో ఆలోచించారా?"

"తినేటోళ్లు వస్తారు సార్."

"అదే నేను చెప్పేది," అన్నాడాయన. "వాళ్లు వస్తే పొగ వస్తుంది, ఎంగిలి వస్తుంది, ఈగ వస్తుంది. మేము పంపిన నివేదికలన్నీ అసత్యాలవుతాయి. మార్పు కావాలంటే దరఖాస్తు చేసుకోండి, పరిశీలిద్దాం. అందాకా పొయ్యి ముట్టిస్తే లైసెన్స్ రద్దు చేయక తప్పదు."

ఓబులమ్మ బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. దాబావాళ్లు మళ్లీ కబురు పెట్టి ఉన్నారు. గది బాడుగ ఉత్తది కాదు, ఇంట్లో బియ్యం ఉత్తవి కావు, నాగప్ప మందులు ఉత్తవి కావు. దుఃఖం పొంగుకొచ్చి, శాలువా అంచుతోనే కళ్లు తుడుచుకుంది. జిలానీ వచ్చి ఓదార్చబోయి, తన బాధే చెప్పుకున్నాడు. పొద్దున్నే తినకుండా తిని ఆఫీసుకు పోతే మధ్యాహ్నం దాకా కడుపు కాలిపోతున్నదని, ఈ రోడ్డు మీద ఒక బండైనా లేకపోయెనే అని అన్నాడు. బండికి లైసెన్స్ అక్కరలేదా అని ఓబులమ్మ అడిగింది. జిలానీ ఆలోచించి, చక్రాలున్నది వాహనం కింద వస్తుంది గానీ సంస్థ కింద రాదని, తమ కేంద్రం అధికారం చక్రాల దగ్గర ఆగిపోతుందని చెప్పాడు. చెప్పి, తాను ఏమీ చెప్పలేదని కూడా చెప్పాడు.

ఆ మర్నాడు తన హోటల్‌కు సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు అవతలి పక్కన, ఓబులమ్మ తోపుడు బండి నిలిపింది. శెట్టి బాణలిలో నూనె కాగింది. తిరగమోత వాసన బస్టాండు దాటి పోయింది. బస్సు దిగినవాళ్లు ఇంటికి పోకుండా బండి దగ్గరికి వచ్చారు, బస్సు ఎక్కవలసినవాళ్లు బస్సు పోగొట్టుకున్నారు. పప్పుల పొడి చల్లి ఒక్కొక్క పళ్లెం అందిస్తుంటే ఓబులమ్మ చేతులకు ప్రాణం లేచివచ్చినట్టయింది. డెప్యుటేషన్‌వాళ్లు కూడా ముందు బండి దగ్గర కడుపునిండా తిని, ఆ తర్వాత హోటల్‌లోకి పోయి తిన్నట్టు నటించేవారు. దానితో నటన ఎంతో మెరుగుపడింది. ఇటు బండి, అటు హోటల్ కాబట్టి ఓబులమ్మ వాయి దిగేలోపల రోడ్డు దాటి పోయి వాళ్లకు ఖాళీ పళ్లేలు పెట్టి, మళ్లీ పరుగెత్తుకొచ్చేది.

ఒక్కటే వెలితి. బండికి బోర్డు లేదు. కడితే అది సంస్థ అవుతుందేమోనని జిలానీ వద్దన్నాడు. తినేవాళ్లు "బస్టాండు బండి ఉగ్గాని" అనేవారు. ఆమె పిండి కలుపుతూ తలెత్తితే ఎదురుగా పచ్చ అక్షరాల్లో తన పేరు కనబడేది. దాని కింద తుడిచి తుడిచి మెరుస్తున్న ఖాళీ బల్లలు కనబడేవి. శెట్టి దగ్గర వెనక షెడ్డులో ఉన్నప్పుడు కనీసం ఆయన బోర్డు కళ్లబడేది కాదు అనుకునేది.

ఇట్లా బాగానే జరిగిపోతుండగా, ఆదర్శ హోటల్‌ను చూసి నేర్చుకోవడానికి పక్క జిల్లా నుంచి అధికారుల బృందం వచ్చింది. వాళ్లు జీపు దిగి చూస్తే, హోటల్ ఖాళీగా ఉంది, ఎదురుగా బండి చుట్టూ జనం తిరునాళ్లలాగా ఉన్నారు. ఆదర్శ హోటల్ గిరాకీని లైసెన్స్ లేని బండి కొట్టేస్తున్నదని వాళ్లు వెళ్తూ వెళ్తూ ఒక ముక్క రాసి పోయారు. దండపాణి గారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బండి మీద ఆయనకు నేరుగా అధికారం లేదు. కానీ నష్టపోయిన లైసెన్సుదారు తనకు నష్టం జరిగిందని వాంగ్మూలం ఇస్తే పోలీసులతో బండిని ఎత్తించవచ్చు. లైసెన్సుదారు ఓబులమ్మ. బండి ఓబులమ్మది. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. అయితే వాహనం వేరు, సంస్థ వేరు, కాబట్టి ఇద్దరికీ విడివిడిగా సమన్లు పంపించాడు. రెండూ జిలానీయే తెచ్చాడు. ఒకటి బండి దగ్గర ఇచ్చి, రోడ్డు దాటించి రెండోది హోటల్‌లో ఇచ్చాడు.

బండి పోతే దాబాకే పోవాలని ఓబులమ్మకు తెలుసు. విచారణ రోజున పెందలాడే ఉగ్గాని చేసి, బజ్జీల పిండి కలిపి, చేతులు కడుక్కుని, బజ్జీలు తీయమని బండిని నాగప్పకు అప్పగించి వచ్చింది. దండపాణి గారు హోటల్‌లో మధ్య బల్ల దగ్గర కూర్చున్నాడు. బల్లకు చెరొక పక్కన ఒక కుర్చీ వేశారు. డెప్యుటేషన్‌వాళ్లంతా గోడ పొడవునా నిలబడ్డారు. జిలానీ ముందుగా ఫిర్యాది, హోటల్ యజమాని ఓబులమ్మ గారు హాజరా అని పిలిచాడు. ఆమె పోయి కుడి కుర్చీలో కూర్చుంది. ప్రతివాది, బండి యజమాని ఓబులమ్మ గారు హాజరా అని పిలిచాడు. ఆమె లేచి ఎడమ కుర్చీలోకి మారింది. హాజరు పూర్తయిందని దండపాణి గారు రాయించాడు.

ఆయన హోటల్ యజమానిని ఉద్దేశించి, మీ సంస్థ ఎదుట నిర్వహింపబడుతున్న వాహనం మూలంగా మీ వ్యాపారానికి వాటిల్లిన నష్టమును భయం లేకుండా తెలియజేయండి అన్నాడు. ఓబులమ్మ మళ్లీ కుడి కుర్చీలోకి వచ్చింది. ఆమెకు అబద్ధం చెప్పాల్సిన అవసరం రాలేదు.

"బండి రాకముందు నా హోటల్లో తిన్నోడు ఒక్కడూ లేడు సార్," అంది. "బండి వచ్చినంక కూడా ఒక్కడూ లేడు. నాకు నష్టం ఏం లేదు. యాపారం ఎట్ల ఉన్నింది అట్లనే ఉండాది."

దండపాణి గారు ఆ వాక్యాన్ని మనసులో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. పైగా తన నివేదికలకు దానంత గట్టి బలం ఇంకొకటి లేదు. వ్యాపారము స్థిరముగా ఉన్నది అని రాయించి, ప్రతివాది ఏమైనా చెప్పుకోదలచారా అని అడిగాడు. ఓబులమ్మ ఎడమ కుర్చీలోకి పోయి, హోటలమ్మ మంచిదని, ఇంతవరకు తన బండి జోలికి ఎప్పుడూ రాలేదని చెప్పింది. ఉభయ పక్షాల మధ్య వైరం లేదు గనుక బండిని ఎత్తించనక్కరలేదని ఉత్తర్వు వెలువడింది. ఇరుగుపొరుగు వ్యాపారులు ఇంత సామరస్యంగా ఉండడం కూడా రాష్ట్రంలో ఇదే ప్రథమమై ఉంటుందని, దీన్నీ పైకి రాయాలని దండపాణి గారికి తోచింది. గోడ పొడవునా నిలబడినవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. వాళ్లందరికీ రేపటి ఉగ్గాని గండం గడిచింది.

విచారణ సాగి సాగి పొద్దెక్కిపోయింది. కిటికీలోంచి బజ్జీల వాసన లోపలికి వస్తూనే ఉంది. దండపాణి గారు ఇంత కాలంలో ఆ వాసనను ఎప్పుడూ పరిగణనలోకి తీసుకోలేదు. ఆవేళ ఆయన పొద్దున ఏమీ తినలేదు, కడుపు నిబంధనలు వినే స్థితిలో లేదు. ఆయన జిలానీని దగ్గరికి పిలిచి, ఎవరికీ వినబడకుండా ఏదో చెప్పాడు. జిలానీ పోయి, బండి దగ్గర్నించి పళ్లెం నిండా ఉగ్గాని, పక్కన రెండు బజ్జీలు పెట్టించుకొచ్చి బల్ల మీద ఆయన ముందు పెట్టాడు.

ఓబులమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. తన హోటల్. తన బల్ల. తలమీద తన పేరు రాసిన బోర్డు. దాని కింద కూర్చుని ఒక మనిషి తన చేతి వంట మీద చెయ్యి వేశాడు. పొగలు వస్తున్న పళ్లెం, అసలైనది. ఆయన ముద్ద కలిపాడు. ఇన్నేళ్లుగా చూడాలనుకున్నది ఇదే. ఆయన ముద్ద ఎత్తి నోటి దాకా తీసుకుపోయాడు.

"సార్," అంది ఓబులమ్మ. "ఈడ తినగూడదు."

దండపాణి గారి చెయ్యి ఆగిపోయింది.

"తనిఖీ నాడు ఈడ ఎవురూ తినలేదు గద సార్," అంది ఆమె. "మీరు తింటే నా లైసెన్స్ పోతాది. అవతల బండి కాడ తినండి."

ఆయన ఎత్తిన ముద్దను చూశాడు, తర్వాత ఆమెను చూశాడు. ఆమె తప్పు మాట ఒక్కటీ అనలేదు. ముద్దను మళ్లీ పళ్లెంలో పెట్టి, లేచి, పళ్లెం రెండు చేతులా పట్టుకుని, అటూ ఇటూ చూసుకుంటూ రోడ్డు దాటాడు. ఆయన వెనక సీనియారిటీ ప్రకారం తక్కినవాళ్లూ దాటారు. అవతల నాగప్ప బండి దగ్గర, ఎండలో, నిలబడి, సహాయ సంచాలకులు మొదటి ముద్ద నోట్లో పెట్టుకోవడం ఓబులమ్మ కిటికీలోంచి చూసింది. ఆయన తల కొంచెం ఊగింది. ఇంకో రెండు బజ్జీలకు చెయ్యి చాపడం కూడా కనబడింది.

ఆమె గుడ్డ తెచ్చి బల్ల తుడవబోయింది. పళ్లెం ఉన్నచోట పసుపు పట్టిన బొరుగు ఒకటి రాలి ఉంది. గుమ్మం వైపు చూసింది, డెప్యుటేషన్‌వాళ్లు ఒక్కరూ లేరు. ఆ బొరుగును వేళ్లతో ఎత్తి, కుర్చీ లాక్కుని, బోర్డు కింద కూర్చుని, నిదానంగా నమిలి తినింది. తిన్నాక బల్ల తుడిచి, వాయి మాడిపోతుందని నాగప్ప పిలుస్తుంటే రోడ్డు దాటి పోయింది.